‘రాయకండి మేడమ్’ అన్నప్పుడు ఏం రాయాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. ఎంబీబీఎస్ తర్వాత ఏఎఫ్ఐహెచ్ (పారిశ్రామిక ఆరోగ్యం) కోర్సు చేశాను. ఒక జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్ (ఏఆర్) హెడ్‌క్వార్టర్స్‌లోని పోలీసు ఆసుపత్రిలో చేరి ఎనిమిది నెలలైంది. పోయిన వారం ఒక ఏఆర్ కానిస్టేబుల్ గ్యాస్ ట్రబుల్ అని వచ్చాడు. గన్‌మన్ డ్యూటీ చేస్తున్నాడు. మాత్రలు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, రెండు నెలలుగా నిద్ర లేదని, కొన్ని రాత్రులు పిస్టల్ వైపు చూస్తూ కూర్చుంటున్నానని చెప్పాడు. ‘ఇది మాత్రం రాయకండి మేడమ్, నా ఉద్యోగం పోతుంది’ అని బతిమాలాడు. ఏం చేయాలో తోచక వైరల్ జ్వరమని వారం రోజులు రెస్టు రాశాను. నిన్న ఆర్‌ఐ (రిజర్వ్ ఇన్‌స్పెక్టర్) గారు ఫోన్ చేసి ‘నిజంగా జ్వరమేనా? మనుషులు తక్కువగా ఉన్నారు, సోమవారం ఫిట్ రాసి పంపండి’ అన్నారు. చెబితే అతన్ని మోసం చేసినట్టు అవుతుంది. చెప్పకపోతే ఏం జరుగుతుందోనని భయం. ఇంతకీ నేను ఎవరి డాక్టర్ని?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం అందిన పూటే మీతో ఫోన్‌లో మాట్లాడాను. ఆగడానికి వీల్లేని విషయం కాబట్టి. అప్పుడు చెప్పినదాన్నే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను. మీలా పోలీసు ఆసుపత్రుల్లో, బెటాలియన్లలో పనిచేస్తున్న డాక్టర్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ కానిస్టేబుల్ని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను.

ముందు ఒక మాట. అతను మీకే చెప్పాడు. తోటివాళ్ళకు చెప్పలేదు, బహుశా ఇంట్లో కూడా చెప్పి ఉండడు. గ్యాస్ మాత్రల కోసం వచ్చి, మీరు మాట్లాడిన తీరు చూసి, గుమ్మం దగ్గర ఆగాడు. చేరిన ఎనిమిది నెలల్లో మీరు ఆ నమ్మకం సంపాదించారు. ఇకపై మీరు చేసేదంతా ఆ నమ్మకం పోకుండా చేయాలి.

కానీ ఆ జ్వరం సర్టిఫికెట్ తప్పు. నిబంధనల ప్రకారం తప్పనే మాట అలా ఉంచండి, అది అతనికే ప్రమాదం. మీరు జ్వరమని రాశారు కాబట్టి జ్వరం తగ్గగానే డ్యూటీకి పంపుతారు, పిస్టల్ మళ్ళీ చేతికిస్తారు. ఇవ్వకూడదని తెలిసిన మనిషి ఆ జిల్లా మొత్తంలో మీరొక్కరే. ఆ సంగతి మీరు ఎక్కడా నమోదు చేయలేదు. సోమవారం మీరు సెలవులో ఉంటే ఇంకో డాక్టర్ థర్మామీటర్ పెట్టి చూసి ఫిట్ అని రాసేస్తారు.

అందుకే ఫోన్‌లో మొదట అడిగింది ఆయుధం ఎక్కడుందని. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (ఆయుధాలు భద్రపరిచే గదిలో) జమ చేశాడా, ఇంట్లోనే ఉందా? ఇలాంటి ఆలోచనలు కెరటంలా లేచి పడతాయి. ఉధృతంగా ఉండే సమయం చాలాసార్లు కొద్ది గంటలే, ఒక్కోసారి నిమిషాలే. ఆ కాసేపు ప్రాణం తీసే వస్తువు అందుబాటులో లేకపోతే చాలామంది బతుకుతారు, బతికి కోలుకుంటారు. నిద్రమాత్రల కన్నా, కౌన్సెలింగ్ కన్నా ముందు జరగాల్సింది ఇదే.

రెండోది, అతన్ని సూటిగా అడగాలి. ‘చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా చేయాలో కూడా అనుకున్నారా?’ అని. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని చాలామంది డాక్టర్లు జంకుతారు. అలా జరగదు. ఎవరో ఒకరు అడిగినందుకు మనిషికి బరువు దిగినట్టు ఉంటుంది. అతను అవునంటే అదే రోజు జిల్లా ఆసుపత్రి మానసిక వైద్యుడి దగ్గరికి పంపాలి. అదీ ఒంటరిగా కాదు, వెంట ఒక మనిషి ఉండాలి. రాత్రి పూట మనసు బాగోలేకపోతే చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరు అతని ఫోన్‌లో మీ ఎదుటే సేవ్ చేయించండి. ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఇది చదువుతున్న పోలీసులెవరైనా ఇలాంటి స్థితిలో ఉంటే వాళ్ళకీ ఇదే నంబరు.

ఇక మీరు ఎవరి డాక్టర్ అన్న ప్రశ్న.

మన చదువులో డాక్టర్, రోగి అని ఇద్దరే ఉంటారు. ఈ ఉద్యోగంలో ఇంకొకరు కూడా ఉంటారు, జీతమిచ్చే శాఖ. ఇతను డ్యూటీకి పనికొస్తాడా లేదా అని అడిగే హక్కు శాఖకుంది. అతని రోగం ఏమిటని అడిగే హక్కు లేదు. మన పని మొత్తం ఈ రెండు ప్రశ్నల తేడా మీద నిలబడి ఉంది. ఏ పని చేయగలడు, ఏ పని చేయకూడదు, ఎంతకాలం, మళ్ళీ ఎప్పుడు చూస్తాను. శాఖకు వెళ్ళే కాగితంలో ఈ నాలుగే ఉండాలి. రోగం పేరు, మందుల పేర్లు, అతను మీతో చెప్పుకున్న మాటలు మీ కేస్ షీట్‌లో ఉండి, బీరువాలో తాళం కింద ఉండాలి.

ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నాను. చాలా ఏళ్ళ క్రితం ఒక కర్మాగారంలో పనిచేసేటప్పుడు క్రేన్ నడిపే ఒకతనికి ఫిట్స్ వస్తున్నాయని తెలిసింది. క్రేన్ ఎక్కించవద్దని రాయడం వరకు సరే. కింద కారణం కూడా రాశాను. నా మంచితనం కొద్దీ, అధికారులకు అర్థం కావాలని. సాయంత్రం షిఫ్టు మారేలోపు ఆ మాట క్యాంటీన్ దాకా పాకింది. పై నెలలో అతని చెల్లెలి పెళ్ళి సంబంధం తప్పిపోయింది. అతను నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మళ్ళీ ఎప్పుడూ నా గదికి రాలేదు, అంతే. ఆ కాగితంలో ఆ ఒక్క పదం లేకపోయినా క్రేన్ దగ్గర నేను కోరుకున్నది జరిగేది.

కాబట్టి మీరు సోమవారం దాకా ఆగకుండా ఆ జ్వరం చీటీని రద్దు చేసి, ఇలా కొత్తది రాయండి: ‘ఈ ఉద్యోగి చికిత్సలో ఉన్నారు. నాలుగు వారాల పాటు ఆయుధంతో కూడిన డ్యూటీ గానీ, రాత్రి డ్యూటీ గానీ ఇవ్వరాదు. సెలవు ముగిశాక పగటి పూట కార్యాలయ విధులు చేయగలరు. ఫలానా తేదీన మళ్ళీ పరీక్షించి నా అభిప్రాయం తెలియజేస్తాను.’ మానసిక వైద్యుడు ఆసుపత్రిలో చేర్చాలన్నా, ఇంకా విశ్రాంతి కావాలన్నా దానికి తగ్గట్టు మార్చుకోండి.

పంపేముందు అతనికి చూపించండి. వెనక నుంచి పంపకండి. ‘మీరు చెప్పింది ఇందులో లేదు, చూడండి. కానీ పిస్టల్ మాత్రం కొన్నాళ్ళు మీ దగ్గర ఉండకూడదు. ఆ విషయంలో మీ మాట వినలేను’ అని ముఖం మీదే చెప్పండి. కోపం రావచ్చు, ఏడవచ్చు. తనకు తెలిసి జరిగినదాన్ని మనిషి క్షమిస్తాడు.

అతను ససేమిరా అంటే? అప్పుడు కూడా ఆయుధం వద్దన్న మాట రాయాల్సిందే. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్ రోగి వివరాలు గోప్యంగా ఉంచాలంటుంది. అదే సెక్షన్, ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, ఇతరులకు హాని జరిగేలా ఉన్నప్పుడు చెప్పవచ్చనీ అంటుంది. ఇతరులను కాపాడటానికి చెప్పేటప్పుడు, ఆ హానిని ఆపడానికి ఎంత అవసరమో అంతే చెప్పాలన్న షరతూ అందులోనే ఉంది. అన్ని సందర్భాల్లోనూ అదే కొలత పెట్టుకోండి. మీ విషయంలో ఆ అవసరమైనంత అంటే ‘ఆయుధం వద్దు’ అనే రెండు మాటలే. కారణం కాదు.

ఆర్‌ఐ గారి ఫోన్ గురించి. ఆయన్ని చెడ్డవాడిగా చూడకండి. రోల్ కాల్‌లో నిలబడే మనుషులు తక్కువ, అడిగే డ్యూటీలు ఎక్కువ, పై నుంచి ఆయనకూ ఫోన్లు వస్తుంటాయి. ‘సర్, అతనికి ఏమైందో నేను చెప్పకూడదు. ఏ డ్యూటీ చేయగలడో రాసి ఈరోజే పంపుతాను. మీకు మనిషి ఎప్పటికి అందుబాటులోకి వస్తాడో కూడా అందులో ఉంటుంది’ అనండి. ఆయనకు నిజంగా కావాల్సింది ఆ చివరి మాటే. గట్టిగా అడిగితే ‘రేపు మీ గురించి ఇంకెవరైనా ఫోన్ చేసినా ఇదే సమాధానం చెబుతాను సర్’ అని మర్యాదగా చెప్పండి. నా అనుభవంలో ఈ మాట తర్వాత ఎవరూ రెండోసారి అడగలేదు.

ఇక్కడ మీకొక అనుమానం వచ్చి ఉంటుంది. ఆయుధం వద్దని రాస్తే చాలదా, కారణం రాయకపోయినా అందరికీ అర్థమైపోదా? నిజమే, ఇప్పుడున్న పరిస్థితిలో అర్థమైపోతుంది. ఎందుకంటే మన ఆసుపత్రుల్లో ఆ మాట మనసు బాగోలేనివాళ్ళకే రాస్తున్నాం. దానికి నాకు తెలిసిన ఉపాయం ఒకటే, ఆ మాటను మామూలు మాట చేసేయడం. కుడి భుజం పట్టేసినవాడికి ఆయుధం వద్దని రాయండి. కంటి ఆపరేషన్ అయినవాడికి రాయండి. జలుబుకు మత్తు తెచ్చే మందు వాడుతున్నవాడికి మూడు రోజులు రాయండి. కొత్తగా ఇన్సులిన్ మొదలుపెట్టి షుగర్ పడిపోతున్నవాడికి, అది కుదుటపడేదాకా రాయండి. ఇవన్నీ వైద్యపరంగా సరైనవే, మనం బద్ధకించి రాయడం లేదు. నెలకు పది మందికి ఆ మాట రాస్తే పదకొండో మనిషి వైపు ఎవరూ వింతగా చూడరు. ఇదొక్కటి మీరు మొదలుపెట్టినా ఆ జిల్లాలో రేపు ఇంకొకరు గుమ్మం దగ్గర నిలబడి నోరు విప్పగలుగుతారు.

ఉద్యోగం పోతుందన్న అతని భయానికి కూడా జవాబు తెలిసి ఉండాలి మీకు. కుంగుబాటుకు చికిత్స తీసుకున్నంత మాత్రాన ఎవరూ పిచ్చివాళ్ళు అయిపోరు. మానసిక అనారోగ్యం ఉందని తేలినంత మాత్రాన మతిస్థిమితం లేనట్టు కాదని, ఆ మాట చెప్పాల్సింది న్యాయస్థానమేనని 2017 చట్టమే అంటోంది. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవాళ్ళను తొలగించకూడదని, హోదా తగ్గించకూడదని, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనిలోకి మార్చాలని 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. కొన్ని రకాల విధులను ఇందులోంచి మినహాయించే అధికారం ప్రభుత్వానికి ఉంది కాబట్టి, మీ రాష్ట్రంలో పోలీసు పోస్టులకు అలాంటి నోటిఫికేషన్ ఏమైనా ఉందేమో ముందే కనుక్కుని ఉంచుకోండి. అంతకుముందు 1995 చట్టం కిందే, డ్యూటీలో గాయపడి కాలు తీసేయాల్సి వచ్చిన ఎస్ఎస్‌బీ (కేంద్ర బలగం) కానిస్టేబుల్ కునాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2003లో ఉద్యోగి పక్షాన తీర్పు ఇచ్చింది. యూనిఫాం వేసుకున్నంత మాత్రాన ఎవరికీ ఈ రక్షణ ఉండదనుకోవడం పొరపాటు. అయితే మీ కానిస్టేబుల్‌కు ఇంత దూరం రాదు. సమయానికి చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుని తమ డ్యూటీకే వెళతారు. అతనికి ముందు ఇది చెప్పండి, చట్టాలు తర్వాత.

మీరు ఉత్తరంలో రాయని విషయం ఒకటుంది. అతని డ్యూటీ ఏమిటి? గన్‌మన్ అని రాశారు. తెల్లవారుజామున ఎన్నింటికి వెళతాడు, ఎన్నింటికి ఇంటికొస్తాడు, మారడానికి ఇంకో మనిషి ఉన్నాడా, ఆఖరిసారి ఎప్పుడు రెస్టు దొరికింది? ఇవి అడిగారా? 1700లో ఇటలీలోని మోడెనాలో పనిచేసిన రామజ్జిని అనే వైద్యుడు వృత్తిరోగాల మీద పుస్తకం రాస్తూ, డాక్టర్లు రోగిని అడిగే ప్రశ్నలకు ఇంకొకటి చేర్చమన్నాడు: నువ్వేం పని చేస్తావు? మనం కోర్సులో చదువుకుని మొదటి నెలలోనే మరిచిపోయే ప్రశ్న అది. ఓపీలో వంద మంది ఉంటే మరిచిపోతాం. మీరు మరవకండి.

కామన్ కాజ్, సీఎస్‌డీఎస్ అనే సంస్థలు కలిసి 2019లో ప్రచురించిన నివేదిక ప్రకారం మన దేశంలో పోలీసు సగటున రోజుకు 14 గంటలు పనిచేస్తున్నాడు. దాదాపు సగం మందికి వారపు సెలవే లేదు. అదే ఏడాది జూన్‌లో ఆంధ్రప్రదేశ్‌లో వీక్లీ ఆఫ్ ప్రకటించినప్పుడు ఎంత సంబరపడ్డారో నాకు గుర్తుంది. 2024 అక్టోబర్‌లో తెలంగాణ స్పెషల్ పోలీసుల భార్యలు రోడ్డు మీదికొచ్చింది కూడా సెలవులు, డ్యూటీల విషయంలోనే. యూనిఫాంలో ఉన్నవాడు సమ్మె చేసి అడగలేడు కాబట్టి ఇంట్లో ఆడవాళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇలాంటి చోట నిద్ర పట్టడం లేదని వచ్చిన మనిషికి మాత్ర రాసి పంపితే, తడి గోడకు సున్నం వేసినట్టే.

డ్యూటీ అడగడం మొదలుపెడితే మీ మందుల చీటీ కూడా మారుతుంది. బందోబస్తులో అన్నం పొట్లం మధ్యాహ్నం రెండింటికి వస్తుందో నాలుగింటికి వస్తుందో ఎవరికీ తెలియదు. అలాంటివాడికి షుగర్ కోసం పొద్దున్నే గ్లిమిపిరైడ్ మాత్ర రాస్తే ఎండలో, రైఫిల్ భుజాన ఉండగా షుగర్ పడిపోతుంది. షుగర్ మరీ పడిపోయే ప్రమాదం తక్కువ ఉన్న మందు చూడాలి, జేబులో గ్లూకోజ్ పొట్లం పెట్టుకోమనాలి. బీపీ తగ్గడం లేదని డోసు పెంచుతూ పోతాం. అడిగి చూడండి, అసలు వేసుకోవడం లేదు. మూత్రం ఎక్కువగా వచ్చే మాత్ర అది, నిమజ్జనం రోజున కూడలిలో ఎక్కడికి వెళతాడు? మహిళా కానిస్టేబుళ్ళ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మరుగుదొడ్డి లేదని పొద్దుటి నుంచి నీళ్ళు తాగకుండా ఉంటారు, మళ్ళీ మళ్ళీ మూత్రంలో మంటతో వస్తారు. వాళ్ళకు ఏడాదికి నాలుగుసార్లు యాంటీబయాటిక్ రాసే బదులు, మేడారం జాతరకు ముందు మొబైల్ టాయిలెట్ల గురించి ఎస్పీ గారికి ఒక కాగితం రాయండి. అది కూడా వైద్యమే.

గుండె గురించి మాత్రం కొంచెం గట్టిగా చెబుతాను. అమెరికాలో 1984 నుంచి 2010 వరకు డ్యూటీకి సంబంధించి గుండె ఆగి హఠాత్తుగా చనిపోయిన 441 మంది పోలీసుల వివరాలను హార్వర్డ్ పరిశోధకులు పరిశీలించి 2014లో ప్రచురించారు. మామూలు పనులతో పోలిస్తే, మనుషుల్ని పట్టుకుని పెనుగులాడే సమయంలో ఆ ప్రమాదం 34 నుంచి 69 రెట్లు, వెంటపడే సమయంలో 32 నుంచి 51 రెట్లు, వ్యాయామ శిక్షణలో 20 నుంచి 23 రెట్లు ఎక్కువ. రోజంతా కుర్చీలోనో జీపులోనో కూర్చున్న నలభై ఎనిమిదేళ్ళ మనిషి ఒక్క నిమిషంలో పరుగు అందుకోవాలి. ఈ ఉద్యోగం లక్షణమే అది. కాబట్టి నలభై దాటినవాళ్ళ బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, నడుము కొలత, పొగ తాగే అలవాటు ఏటా చూడండి. ఛాతీ నొప్పిని గ్యాస్ అని రాసేముందు ఈసీజీ తీయండి. గురక పెడుతూ పగలు కునికిపాట్లు పడే డ్రైవర్లను వదలకండి, వాళ్ళకు నిద్రలో శ్వాస ఆగుతుండవచ్చు. ఫైరింగ్ ప్రాక్టీసులో చెవుల్లో దూది పెట్టుకుంటారు కదా, దూది ఆ శబ్దాన్ని ఆపదు. ఇయర్ మఫ్‌లు కొనమని అడగండి.

ఇవన్నీ ఎలా అడగాలన్నది ఇంకో ప్రశ్న. పేర్లు లేకుండా నెలనెలా ఎస్పీ గారికి ఒక పేజీ పంపండి. ఈ నెల నిద్రలేమితో ఇంతమంది వచ్చారు, అందులో వరసగా పది రోజులు రెస్టు లేనివాళ్ళు ఇంతమంది. అలా. ఒకరిద్దరే ఉన్న అంకె రాయకండి, ఎవరో తెలిసిపోతుంది. మంచి అధికారులు నాకు చాలామంది తారసపడ్డారు. ఫలానావాడు బాధపడుతున్నాడని చెబితే వాళ్ళు ఆ ఒక్కడికి సాయం చేస్తారు. ఫలానా డ్యూటీ మనుషుల్ని పాడుచేస్తోందని అంకెలతో చూపిస్తే ఆ డ్యూటీనే మారుస్తారు. అంకెలు నమ్మాలంటే మీకు ఆ పని తెలిసి ఉండాలి. నెలలో ఒక పూట ఓపీ అయ్యాక ట్రాఫిక్ కూడలిలో వాళ్ళతో పాటు నిలబడండి. ఒక రాత్రి సెంట్రీ మారే వేళకు వెళ్ళండి. మీరు వచ్చారన్న సంగతి రెండు రోజుల్లో పోలీసు లైన్స్ (క్వార్టర్లు) అంతా తెలుస్తుంది.

మళ్ళీ మీ కానిస్టేబుల్ దగ్గరికి వస్తాను. అతనికి వైద్యం చేసేది మీరు కాదు, మానసిక వైద్యుడు. అతను మళ్ళీ ఆయుధం పట్టవచ్చా లేదా అని చెప్పేది మీరు. ఈ రెండు పనులూ ఒకరే చేస్తే, ఆయుధం తిరిగి రావాలని అతను మీ దగ్గర బాగున్నానని అబద్ధం చెప్పడం మొదలుపెడతాడు. నాలుగు వారాల తర్వాత ‘బాగున్నాను మేడమ్’ అన్న మాట ఒక్కటీ చాలదు. వైద్యుడి అభిప్రాయం రాతలో తెప్పించుకోండి. నిద్ర ఎన్ని గంటలు, మందుల మత్తు ఉందా, ఇంట్లో ఏమంటున్నారు, ఆ ఆలోచనలు ఆఖరిసారి ఎప్పుడొచ్చాయి అని అడగండి. భార్య వస్తానంటే, అతను సరేనంటే, ఆమెతో కూడా మాట్లాడండి. ముందు పగటి డ్యూటీ, తర్వాత ఆయుధంతో గార్డు డ్యూటీ నలుగురి మధ్య, ఆ తర్వాతే ఒంటరిగా గన్‌మన్‌గా. తొందర పెట్టినా మెట్టు దాటించకండి.

సోమవారం దాకా ఆగకుండా అతన్ని పిలవండి, ఓపీ రద్దీ అయిపోయేలా పన్నెండు తర్వాత రమ్మనండి. తలుపు వేసి మాట్లాడండి, ఫోన్ పక్కన పెట్టేయండి. ఆ రోజు రాకపోతే మరుసటి రోజు దాకా ఆగకుండా మీరే ఫోన్ చేయండి, ఎత్తకపోతే ఇంటికి మనిషిని పంపండి. నాలుగు వారాల చీటీ రాసేటప్పుడు ఏ అనుమానం వచ్చినా నా నంబరు మీ దగ్గరుంది, రాత్రి పది దాటినా చేయండి.